నా కడుపులో దాగిన సుర్మాదాని

నేను ఒక కుంకుమ భరిణెను. మంచిదాన్నేగాని అసూయ నా చెక్కలోనే ఉంది. ఆ మాట ముందే చెప్పుకుంటే మీకూ నాకూ పేచీ ఉండదు. నన్ను చేసినవాడు ఒక ముసలి వడ్లాయన. చెక్కను తిప్పి తిప్పి బొద్దుగా కడుపు తీశాడు. ఎర్ర లక్క, పచ్చ లక్క పట్టించాడు. మూత మీద మొగ్గలాంటి బుడిపె పెట్టి, "ఇంటిల్లిపాది పెట్టుకున్నా ఒడ్వని కడుపే నీది" అని ముద్దుగా చూశాడు. నేను మురిశాను. ఆ కడుపులో ఎవరిని మోయాల్సి వస్తుందో తెలిసి ఉంటే అక్కడే పగిలిపోయేదాన్ని.

పోశవ్వ పెళ్లికి నన్ను కొన్నారు. నైజాం రాజ్యంలో, మెదకు దిక్కున, నల్లరేగడి ఊరు. పోశవ్వ పొద్దున్నే మొగం కడుక్కుని, మూత తీసి, ఉంగరం వేలు ముంచి నుదుట పెట్టుకునేది. అంతే. రెప్పపాటు పని. మళ్లీ తెల్లారే వరకు నా మొగం చూసేది కాదు. మనుషులు అంతేలెండి, రోజూ అక్కరకొచ్చే వాటిని చూడరు.

అయినా సర్దుకునేదాన్ని, గోడ అవతల ఖాజాబీ లేకపోతే. ఖాజాబీ మొగుడు దస్తగిరి దూదేకులాయన. వాళ్లది ఊళ్లో ఒక్కటే తురకల ఇల్లు. ఆ ఖాజాబీకి పుట్టింటివాళ్లు ఇచ్చిన సుర్మాదాని ఒకటుండేది. ఇత్తడి చేప. బొటనవేలంత. పొట్టలో కంటికి పెట్టే నల్ల సుర్మా, నోట్లో పుల్ల. పొలుసు పొలుసుకూ గీతలు పెట్టి మరీ చెక్కారు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా లక్క మండుతుంది.

మధ్యాహ్నం పనులయ్యాక పోశవ్వ నన్ను గూట్లో వదిలి ఖాజాబీ అరుగు మీదికి పోయేది. ఖాజాబీ ఆమె గడ్డం పట్టుకుని, మొగం పైకెత్తి, కంటి రెప్ప కిందికి లాగి పుల్లతో గీసేది.

"కదలకే అక్కా, గుడ్డిదానివైతవ్!"

"నువ్వు గీస్తె కండ్లల్ల వాన పడ్డట్టుంటదే చెల్లె."

వాన పడ్డట్టు! నేను పెడితే ఏనాడైనా అలాంటి మాట అందా? గూట్లో కూర్చుని నేనెంత ఎర్రబడినా ఎవరికి తెలుస్తుంది, పుట్టుకే ఎరుపాయె.

అలా ఉండగా రాజ్యం తిరగబడింది. సంఘపోళ్లు దొరల మీదికి లేచారు. రజాకార్లు ఊళ్ల మీద పడి ఇళ్లు కాల్చారు, మనుషులను చంపారు. పక్క ఊరి విఠలు తమ్ముడిని చింతచెట్టుకు కట్టి కాల్చింది వాళ్లే. తర్వాత వానాకాలం చివర్లో పట్నం మీదికి మిలట్రీ వచ్చిందన్నారు, నైజాం దిగిపోయాడన్నారు. కాల్చినవాళ్లు తుపాకులు బావుల్లో పడేసి తప్పించుకున్నారు. చేతికి దొరికింది దూదేకే దస్తగిరిలాంటి వాళ్లు. మనుషుల లెక్కే అంత. పాము దొరక్కపోతే తాడును కొడతారు.

దూదేకే విల్లు భుజాన వేసుకుని సంతకు పోయిన దస్తగిరి తిరిగి రాలేదు. విల్లొక్కటే వాగు ఒడ్డున దొరికింది. ఆ కబురు వెంబడే ఇంకో కబురు, విఠలు మందితో మా ఊరికే వస్తున్నాడని.

పోశవ్వ గోడ అవతలికి పోయి ఖాజాబీ రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. మొగుడు గాలయ్య గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"మన ఇల్లు గూడ కాలుస్తరే!"

"కాలనీయ్. మల్ల కప్పుకుందం. దీన్ని మల్ల కంటవా?"

ఆముదం గుడ్డతో ఖాజాబీ కళ్ల సుర్మా తుడిచింది. ఎంత తుడిచినా నలుపు పోలేదు. పసుపుకొమ్ముకు దారం కట్టి మెడలో వేసింది. "నువ్వు నా పినతల్లి బిడ్డవు, కాశమ్మవు" అంది. ఆ తర్వాత నన్ను అందుకుని ఆ నుదుట నిండుగా బొట్టు పెట్టింది. ఇన్నాళ్లకు నా రంగు ఆ మొగం మీద! సిగ్గు లేకుండా చెబుతున్నాను, మురిసిపోయాను. ఎంత అందంగా ఉందో!

మురిపెం తీరలేదు. ఖాజాబీ పిడికిట్లో ఇంకా సుర్మాదాని ఉంది. వదలనంటుంది. బయట అరుపులు దగ్గరపడ్డాయి. పోశవ్వ దాన్ని గుంజుకుని, నా మూత తీసి, కుంకుమలో గుచ్చి, పైన అదిమి మూసేసింది.

నా కడుపులో! నా సవతి!

విఠలు లోపలికి వచ్చాడు. చేతిలో గొడ్డలి. కళ్లు ఎన్నాళ్లో నిద్రలేనట్టు ఉన్నాయి.

"తుర్కది ఇటే వచ్చిందంట. ఎవరీమె?"

"నా చెల్లె కాశమ్మ. నన్ను చూడొచ్చింది."

"కండ్లేంది, గంత నల్లగున్నయ్?"

"కాటిక పెట్టుకోరా ఆడోళ్లు? మీ అమ్మ పెట్టుకోలేదా? పొయ్యి అడుగు."

బయట ఎవరో నవ్వారు. విఠలు నవ్వలేదు. "అట్లనా? అయితే నీ చెల్లెను నీకు బొట్టు పెట్టమను. చూస్త."

ఖాజాబీ నన్ను చేతిలోకి తీసుకుంది. కుంకుమలో వేలు ముంచితే ఇత్తడి తగిలింది. ఆ సంగతి నాకు తెలుసు, లోపలున్న దానికి తెలుసు. ఆమె పోశవ్వ గడ్డం పట్టుకుని మొగం పైకెత్తింది. అయ్యో, సుర్మా పెట్టే అలవాటది! బొట్టు పెట్టేవాళ్లు గడ్డం ఎత్తరు. పోశవ్వ రెప్పలు కూడా అలవాటుగా వాలాయి. నుదుట బొట్టు పడింది. ఖాజాబీ ఆగలేదు, ముత్తైదువలాగే పుస్తెలకూ కుంకుమ అద్దింది. ఎన్ని నోముల్లో దూరంగా నిలబడి చూసిందో.

విఠలుకు ఏదో అనుమానం కొట్టింది. ఏమిటో అందలేదు. "ఆ భరిణె ఇటియ్యి" అని లాక్కుని చెవి దగ్గర పెట్టి ఊపాడు.

ఇక నా సంగతి వినండి. నేనొక్కసారి 'టక్'మంటే చాలు, సవతి పీడ వదిలేది. పోశవ్వ మళ్లీ నా ఒక్కదానిదే అయ్యేది. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధమాడను. వానాకాలం చెమ్మకు కుంకుమ గడ్డకట్టి ఉందంటారా, అదే కావచ్చు. కాదు, నేనే ఉన్న కుంకుమంతా చుట్టి దాన్ని గట్టిగా అదిమి పట్టానంటే నమ్మేదెవరు? చప్పుడు రాలేదు.

అతడు మూత మీద చెయ్యి వేశాడు. పోశవ్వ గట్టిగా అంది:

"తియ్యి అయ్యా, తియ్యి. ముత్తైదువ కుంకుమ మొగోడు ఒలకబోస్తె ఎవరింటికి చెడుపో నీకు తెల్వదా? నీ ఇంట్ల గూడ పెండ్లాం ఉంది."

గొడ్డలికి భయపడని చెయ్యి కుంకుమకు భయపడింది. నన్ను గూట్లో పెట్టేసి వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఖాజాబీ ఇల్లు అంటించారు. దూది కదా, ఒక్క గుక్కలో కాలింది.

వాళ్లు పోయాక నా బొట్టు ఎంత ముచ్చటగా ఉందో చూద్దామని ఖాజాబీ వైపు చూశాను. ఆమె తడి కొంగుతో నుదురు రుద్దుకుంటోంది, తోలు లేచేదాకా. మొగుడి పేరు పిలుస్తూ రుద్దుతోంది. నా మురిపెం నా మూతకిందే చచ్చింది. అడిగి పెట్టించుకున్న బొట్టు వేరు, ప్రాణం కోసం పెట్టించుకున్న బొట్టు వేరు.

మిలట్రీ క్యాంపు పడ్డాక ఖాజాబీ అన్న వచ్చి పట్నం తీసుకుపోయాడు. పోయేనాడు పోశవ్వ సుర్మాదానిని బయటికి తీస్తే ఒళ్లంతా ఎరుపు. కొంగుతో తుడవబోయింది.

"ఉండనీ అక్కా. నీ ఇంటిది."

ఏళ్లు గడిచాయి. గాలయ్య జ్వరమొచ్చి పోయాడు. పోశవ్వ నుదురు బోసిపోయింది. నన్ను కడిగి, ఎండబెట్టి, గుండీలూ సూదులూ వేశారు. నేను మళ్లీ నా పోశవ్వ మొగం తాకలేదు.

ఖాజాబీ మాత్రం ఏటా పీర్ల పండుగకు వస్తుంది. పోశవ్వను మంచం మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని పైకెత్తుతుంది. వాకిట్లో ఎవరో ఒకరు సణుగుతారు, "ముండమోసినదానికి సోకులెందుకే?" అని.

"సుర్మాకు ముండ, ముత్తైదువ తెల్వదు. కదలకే అక్కా."

"వాన పడ్డట్టుందే చెల్లె."

పని కాగానే ఆ ఇత్తడి చేపను తెచ్చి గూట్లో నా పక్కనే పెడుతుంది. దాని పొలుసుల గీతల్లో ఎరుపు ఇంకా ఉంది. ఇన్నేళ్లయినా ఖాజాబీ దాన్ని కడగలేదు. నా కడుపు తడిమితే చిటికెడు దొరకదు. చూడండి, నా కుంకుమ కూడా దాని దగ్గరే ఉంది.