చంకలో చెప్పులు

ఆ ఉదయం చేయాల్సిన పనులు: దొర ఉండే గడీ వాకిట్లో జంపఖానా పరచడం, ఊళ్లో చాటింపు వేయించడం, దొరను బయటికి పిలవడం, ఆయనకు కూర్చోవడానికి నేల చూపించడం, కనకవ్వ ఫిర్యాదు రాసుకోవడం. సంఘం అధ్యక్షుడు సదానందం ఈ జాబితాను రెండుసార్లు తిరగరాశాడు. చెప్పుల ఊసు మాత్రం రాయలేదు.

నేను ఒక చెప్పుల జతను. కనకవ్వ పెనిమిటి ఓదెలు తన కాళ్లకు తానే నన్ను కుట్టుకున్నాడు. అయినా ఆయన కాళ్లకన్నా చంకే నాకు బాగా పరిచయం. గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విప్పి చంకన పెట్టుకోవాలని దొర శాసనం. ఊరివాళ్ల కాళ్లు అరిగేవి, మా జాతి మాత్రం కొత్తగానే ఉండేది.

ఒకనాడు గడీ ముందు నుంచి పోతుంటే ఓదెలు నెత్తిన తోళ్ల మోపు ఉంది, రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. నన్ను విప్పలేకపోయాడు. దొర మనుషులు ఆయన్ని గడీలోకి ఈడ్చుకెళ్లారు. మూడోనాడు శవం బయటికొచ్చింది. తాటిచెట్టు మీంచి పడ్డాడని దొర రాయించాడు. ఓదెలు జన్మలో చెట్టెక్కిన పాపాన పోలేదు.

తర్వాత రాజ్యం మారింది. ఇదిగో, ఈ సభ పెట్టారు.

"దొరల కాలం పోయింది! ఇగ ఎవ్వలకు వంగేది లేదు!" అని సదానందం గర్జించాడు.

నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కనకవ్వ తలెత్తింది. "గది సరే గని బిడ్డా, చంకల గవేంది?"

సదానందం చూసుకున్నాడు. చెప్పులు! జనం కూడా చూసుకున్నారు. గడీ గడప దాటుతూ అందరూ అలవాటుగా చంకన పెట్టుకున్నారు. కాళ్లకు చెప్పులున్నది దొరకొక్కడికే. ఒక్కసారిగా టపటపమని చెప్పులన్నీ నేల మీద పడ్డాయి. జనం తమను చూసుకుని తామే నవ్వుకున్నారు.

ఆ నవ్వులు సద్దుమణిగాక వాదన మొదలైంది. దొరను జైలుకు పంపాలని ఒకరు, కనకవ్వకు భూమి ఇప్పించాలని ఒకరు, క్షమించి ముందుకు పోదామని దొర బావమరిది.

"జైలో, భూమో, ఎనుక సూద్దాం" అంది కనకవ్వ. "ముందుగాల నా పెనిమిటి ఏ చెట్టు మీదికెల్లి పడ్డడో సూపియ్యమను."

దొర వేలెత్తాడు. ఊరి తలలన్నీ ఆ వేలి వెంట తిరిగాయి. కల్లుగీసే రామగౌడు లేచాడు. "ఏ చెట్టు దొరా? ఊళ్లె చెట్లన్ని నేనెక్కినయే."

వేలు మెల్లగా దిగింది. ఊరి చూపులు మాత్రం దొర మీదే నిలిచాయి.

"చెట్టు లేదు" అన్నాడు దొర. "నేనే కట్టేసి కొట్టిపిచ్చిన."

సదానందం ఆ మాట రాసుకున్నాడు. కేసు పట్నం పోయింది, ఇంకా తిరిగి రాలేదు. కనకవ్వ మాత్రం ఆ రోజే, తన కాళ్లకు రెండు వేళ్ల పొడుగు ఎక్కువైనా సరే, నన్ను తొడుక్కుని గడీ ముందు అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు నడిచింది. నేను చేయగలిగినంత చప్పుడు చేశాను.

ఇప్పుడు మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. 'దొరల కాలం నాటి చెప్పులు' అని చీటీ అంటించారు. చదవండి, నవ్వుకోండి. చీటీలో లేని పేరొక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: ఓదెలు. ఏనాడూ చెట్టెక్కని మనిషి.