పన్నెండో నంబరు

పరిశోధనాలయంలో ఆమెను ఎదురుగా "మేడమ్" అనీ, వెనక "పీచు మేడమ్" అనీ పిలిచేవారు. రెండో పేరు ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఇరవై రెండేళ్లుగా ఆవిడది ఒకటే పాట: పీచు బాగా తినేవాళ్ల పేగుల్లో మంచి సూక్ష్మజీవులు వర్ధిల్లుతాయి, మిగతా ఆరోగ్యం వాటి వెనకే నడిచొస్తుంది. ఈ మాట సభల్లో చెప్పింది, లిఫ్టులో చెప్పింది, ఒకసారి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరిచి ఉండగానే చెప్పబోయింది. క్యాంటీన్‌లో ఆమె కనిపిస్తే చాలు, జనం పళ్లేలకు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

అంతటి మేడమ్ గదిలో, "పాత నివేదికలు" అని చీటీ అంటించిన సొరుగులో, క్రీము బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది.

రోజూ సాయంత్రం నాలుగింటికి తలుపు గడియ వేసుకుని ఆవిడ నివేదికలు చదివేది. ఒక్కో బిస్కెట్టునూ రెండుగా విడదీసి, ముందు క్రీము సంగతి చూసి, తర్వాత మిగతాది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు పదేళ్లుగా సాగుతున్న వ్యవహారం అది. ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం.

ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒకతె ఉంది. ఆ సిద్ధాంతాన్నే అంకెలతో నిరూపించడం ఆ పిల్ల పని. అందుకు పన్నెండు మంది కావాలి. ఎనిమిది వారాలపాటు తిన్న ప్రతిదీ కంప్యూటర్లో డైరీగా రాయాలి, వారానికోసారి చిన్న డబ్బాలో మలం నమూనా ఇవ్వాలి. డబ్బాల మీద పేర్లుండవు, నంబర్లే. అడగ్గానే ఎగిరి గంతేసే పని కాదు కదా. బతిమాలితే వ్యాను డ్రైవరు, లైబ్రేరియను, అద్దాలు తుడిచే ఆవిడ, ఇలా ఆ భవనంలోని వాళ్లే పన్నెండు మంది పోగయ్యారు. పన్నెండో మనిషి మాత్రం రెండో రోజే మేడమ్ గదికొచ్చి, ఖాళీ డబ్బాలు బల్లమీద పెట్టి, "నావల్ల కాదండీ" అని పారిపోయాడు.

ఒక్కరు తగ్గితే పిల్ల ఏడాది ఆగాలి. మేడమ్ ఆ డబ్బాలు అటూ ఇటూ చూసి తన సంచిలో వేసుకుంది. పరిశోధన చేసేవాళ్లు అందులో తామే పాల్గొనకూడదని నియమం ఉంది. ఆ నియమం రాసిన కమిటీలో ఆవిడా ఉంది.

డబ్బాలో నిజమే పెట్టింది. అక్కడ అబద్ధమాడే వీలు లేదు. డైరీ దగ్గరకొచ్చేసరికి "బిస్కెట్లు" అన్న మాట టైపు చెయ్యడానికి వేళ్లు మొరాయించాయి. బార్లీ అని రాసింది. చిక్కుళ్లు అని రాసింది. తొక్క తియ్యని ఆపిల్ అని రాసింది. రాసేది ఎలాగూ అబద్ధమే, కాస్త ఘనంగానే రాద్దామనుకుంది.

మూడు నెలల తర్వాత, ఒక గురువారం, అమ్మాయి కాగితం పట్టుకుని ఆమె గదిలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, మన సిద్ధాంతం తప్పు."

కాగితం మీద పదకొండు చుక్కలు మెట్లెక్కుతున్నట్టు పైకి పోతున్నాయి. పన్నెండోది కుడివైపు చిట్టచివర, అట్టడుగున, ఒంటరిగా పడి ఉంది. దాని బరువుకు గీత మొత్తం చాపలా పరుచుకుంది.

"పన్నెండో నంబరు మేడమ్. అందరికంటే ఎక్కువ పీచు తిన్నారు. అందరికంటే అధ్వాన్నమైన పేగు."

"మరీ అంత అధ్వాన్నమా?" మేడమ్ గొంతు కాస్త నొచ్చుకుంది.

"మంచి జాతులన్నీ ఖాళీ చేసి వెళ్లిపోయాయి. మిగిలినవి చక్కెర ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చున్నవే."

మేడమ్ చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే కాబోలు.

"డబ్బా తారుమారై ఉంటుంది. ఆ ఒక్కటీ తీసెయ్యి."

"ఎనిమిది వారాలూ తారుమారవుతుందా? నచ్చని అంకెని తీసేసేవాళ్లు పెళ్లి సంబంధాలు చూసుకోవాలి గాని ల్యాబులో ఉండకూడదని మొదటిరోజు మీరే చెప్పారు." అమ్మాయి ముక్కు తుడుచుకుంది. "సోమవారం పీహెచ్‌డీ కమిటీ ముందు ఒప్పేసుకుంటాను మేడమ్, మనం అనుకున్నది రాలేదని. ఐదేళ్లు పోతే పోయాయి. అబద్ధం మాత్రం రాయను."

అమ్మాయి వెళ్లాక మేడమ్ సొరుగు తెరిచి రెండు బిస్కెట్లు తిన్నది. రుచి తెలియలేదు. చెప్తే ఇరవై రెండేళ్ల పేరు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల ఐదేళ్లు పోతాయి, పైగా నిజమైన సిద్ధాంతం కాస్తా అబద్ధమై కూర్చుంటుంది. మూడు రోజులు మింగలేక కక్కలేక తిరిగింది. జీర్ణక్రియ మీద అన్ని పుస్తకాలు రాసిన మనిషికి ఆ బాధ కొత్త. తన మీద తనకే సిగ్గేసింది.

సోమవారం కమిటీ కూర్చుంది. అమ్మాయి లేచి, "ఈ సిద్ధాంతం" అని మొదలుపెట్టిందో లేదో, మేడమ్ బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల నడుమ పెట్టింది.

"పన్నెండో నంబరు నేనే. డైరీలో రాసిందంతా అబద్ధం. తిన్నది ఇది."

డైరెక్టరు గారు మూత తీసి లోపలికి తొంగి చూశారు. కిందటేడు ఆయన చేతిలోని కేకు ముక్కను మేడమే లాక్కుంది.

"రోజుకెన్ని?" అన్నారాయన మెత్తగా.

"ఆరండీ." ఆవిడ అమ్మాయి మొహం వంక చూసింది. "కాదు, ఎనిమిది."

అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని బార్లీ తీసేసింది, చిక్కుళ్లు తీసేసింది, బిస్కెట్లు పెట్టింది. తెర మీద పన్నెండో చుక్క కుడిచివర నుంచి ఎడమచివరకు వచ్చి సరిగ్గా మొదటి మెట్టు కింద ఆగింది. మేడమ్ జీవితమంతా చెప్పిన మాటకు మేడమ్ పేగే గట్టి సాక్ష్యం చెప్పింది. నియమం ప్రకారం ఆ చుక్కను తర్వాత తీసేశారు. తీసిన కారణం పేరుతో సహా రాయాలని అమ్మాయి పట్టుబట్టింది. మేడమ్‌కు ఏడాదిపాటు విభాగం బాధ్యతలు లేవన్నారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మాట పెదవి దాటింది. మధ్యాహ్నానికల్లా వ్యాను డ్రైవరు తల గోక్కుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, నా డైరీ కూడా కాస్త దిద్దాలండి."

అతని వెనక అద్దాలు తుడిచే ఆవిడ. ఆవిడ వెనక లైబ్రేరియను.

"మరి అప్పుడే నిజం రాయలేకపోయారా?" అంది మేడమ్.

"చదివేది మీరని తెలుసు కదండీ," అన్నాడు డ్రైవరు. "మీకు నచ్చేవే రాశాం."

ఆ మాట ఆవిడకు కమిటీ వేసిన శిక్ష కంటే గట్టిగా తగిలింది. పదకొండు మందితోనే సరిపెట్టుకొమ్మని, వాళ్లను మళ్లీ మొదటి నుంచి అడగడానికి అమ్మాయికి మూడు నెలలు గడువిచ్చారు, మేడమ్ ఆ గది ఛాయలకు వెళ్లకూడదన్న షరతు మీద. అమ్మాయి వెళ్తూ వెళ్తూ ఒక కొత్త నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది.

"నాలుగు రోజులు నన్ను ఏడిపించారు మేడమ్. మర్చిపోవడానికి టైం పడుతుంది. ఇందులో మీరు నిజంగా తిన్నది రాయండి. నంబరు వద్దు, ఊరికే రాయండి."

ఆ సాయంత్రం మేడమ్ ఇంటికొచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుంది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో చక్కెర లేదు. పెద్దావిడ తవుడు కలిపిన రొట్టె తప్ప మరో రొట్టె ఎరగదు.

"అత్తయ్యా, మీ చేత తీపి మాన్పించి, నేను ఆఫీసులో రోజూ బిస్కెట్లు తింటున్నాను."

"నారింజ క్రీమువేగా?" అంది అత్తగారు.

"మీకెలా తెలుసు?"

"నీ కోటు జేబులు దులిపి ఉతకడానికి వేసేదెవరనుకున్నావమ్మా?"

అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్లి, తవుడు డబ్బా వెనక నుంచి ఇంకో డబ్బా తెచ్చింది. "అవి నాసిరకం. నూనె వాసన. ఇవి తిను. మీ ఆయన్ని అడక్కు, వాడిది బట్టల బీరువాలో ఉంది."

మేడమ్‌కు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. నోటుపుస్తకం తీసి, మొదటి పేజీలో తేదీ వేసి, "బిస్కెట్లు: రెండు" అని రాసింది.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చదివింది. "నాలుగని రాయి. రెండుతో ఆగే మనిషివా నువ్వు?"

మేడమ్ రెండు కొట్టేసి నాలుగు అని రాసింది. తర్వాత, తలుపు తీసి ఉండగానే, నాలుగూ తిన్నది.