చక్కెర లేని బిళ్ళలు

గడియారాలు బాగుచేసే మావగారికి షుగరు. నోరు తీపి కోరినప్పుడు చప్పరించమని కోడలు ఆయనకు చక్కెర లేని బిళ్ళలు కొనిపెట్టింది. ఆ పొట్లాన్నే వాళ్ళ కుక్క నల్లది సొరుగులోంచి లాగి మొత్తం నమిలేసింది.

నల్లదంటే ఏమనుకున్నారు! ఆయనకు షుగరు పడిపోయేముందు ఎలా పసిగడుతుందో ఏమో, మూతితో మోకాలిని పొడిచి పొడిచి చంపుతుంది, నోట్లో గ్లూకోజు పడేదాకా వదలదు. భార్య పోయాక ఆయన ధైర్యమంతా ఆ కుక్కే.

"మీ బిళ్ళలన్నీ తినేసింది మావయ్యా!"

"తిననీ అమ్మాయ్. చక్కెర లేనివేగా, దానికేమవుతుంది?" అని ఆయన నవ్వి, భూతద్దం కంటికి పెట్టుకున్నాడు.

కాసేపటికి నల్లది లేవబోయి కూలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి. ఆయన చేతిలోని పట్టకారు జారింది. ఆ వణుకు ఆయనకు కొత్తా?

"అమ్మాయ్! దీనికి షుగరు పడిపోతోందే!"

కక్కిద్దామని కోడలు ఉప్పునీళ్ళు కలుపుతూనే పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"కక్కించకండి! పొట్లం మీద ఏముందో చదవండి."

"జైలిటాల్ అని ఉందండీ."

"అది మనుషులకు పర్వాలేదు, కుక్కలకు విషం. చిగుళ్ళకు గ్లూకోజు రాస్తూ వెంటనే తీసుకురండి. ఆ కాగితం కూడా తెండి."

అప్పటికే ఇన్సులిన్ ఇంజెక్షన్ వేసుకుని భోజనానికి లేవబోతున్న మనిషి, కంచం వంక చూడకుండా ఆటో ఎక్కాడు. జేబులో తనకోసం దాచుకున్న గ్లూకోజు పొట్లం విప్పాడు.

"కొంచెం మీకు ఉంచుకోండి మావయ్యా."

"నాదేముందిలే," అంటూ చివరి పలుకుదాకా దాని చిగుళ్ళకే రాశాడు.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తూ, ఆ విషానికి లివరు దెబ్బతిందో లేదో రేపటిదాకా చెప్పలేనంది డాక్టరమ్మ. ఆయన కింద చాప మీద, కుక్క పక్కనే చతికిలబడ్డాడు.

"విషమని తెలీక నవ్వానే తల్లీ," అని కళ్ళు తుడుచుకున్నాడు. కోడలు మందుల చీటీ పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడింది.

అప్పుడు నల్లది కళ్ళు విప్పింది. తల ఎత్తలేక, మెడ నేలకు రాసుకుంటూ జరిగి, మూతితో ఆయన మోకాలిని పొడిచింది. కాసేపాగి మళ్ళీ పొడిచింది.

"పడుకోవే, నీకే బాగాలేదు," అన్నాడాయన, మాట ముద్దగా.

కోడలు తిరిగి చూసింది. మావగారి చేతులు వణుకుతున్నాయి.