రాజన్న నిగ్రహం

రాజన్నకు ధ్యానం పట్టింది కరెంటు ఆఫీసులో. ఎవరో స్వామి వచ్చి, గుమాస్తాలందరినీ కూర్చోబెట్టి, రోజూ తెల్లవారుజామున కళ్లు మూసుకుంటే మనసు కుదుటపడుతుందని చెప్పి వెళ్లాడు. మిగతావాళ్లు ఆయనిచ్చిన అరటిపండు తిని ఆ సంగతి మర్చిపోయారు. రాజన్న ఒక్కడే ఇంటిదాకా మోసుకొచ్చాడు. జింక చర్మం మీద కూర్చోమన్నారట. ఉప్పుగూడలో జింకలెక్కడివి? యాకుత్‌పురా వెళ్లి మేకతోలు కొనుక్కొచ్చుకున్నాడు. వానాకాలంలో అది కంపు కొడుతుంటే, ఆ కంపులోనే కూర్చుని శాంతి వెతుక్కునేవాడు.

అతని భార్య కృష్ణమ్మకు ఆ శాంతి మీద కోపం లేదు. కోపమంతా వేళ మీద. గల్లీలో నల్లా వచ్చేది సరిగ్గా అప్పుడే. అందరికీ కలిపి ఒకటే నల్లా. బిందెలు వరుసలో పెట్టి, వంతు వచ్చేదాకా కాపలా కాయాలి. ఇదివరకు రాజన్న రెండు బిందెలైనా మోసేవాడు. ధ్యానం మొదలుపెట్టాక ఆ రెండూ అతని తల్లి ఆగమ్మ నెత్తికెక్కాయి. నడుం వంగినా నోరు విప్పని మనిషి ఆమె.

“ఏందే ఆ బిందెల సప్పుడు? మనసు చెదురుతుంది,” అని లోపలి నుంచి గదమాయించేవాడు రాజన్న.

“నల్లా బందయితది. మనసు రేపు గూడ దొరుకుతది, నీళ్లు దొరకయి,” అనేది కృష్ణమ్మ.

“ఊకో బిడ్డా,” అనేది ఆగమ్మ. “నా కొడుకు మంచికే కూసుంటుండు. మొదాలు ఎంత కోపముండె! ఇప్పుడు సూడు, ఎంత నిమ్మలమైండో.”

నిమ్మళించిన మాట నిజమే. బియ్యం నిండుకున్నాయన్నా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. ఇంటికప్పు కారుతోందన్నా చిరునవ్వు నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే కృష్ణమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది. అదంతా కొంగ జపమనీ, లోపల హాయిగా కునుకు తీస్తున్నాడనీ ఆమె గట్టి నమ్మకం. పక్కింటి షౌకత్ బీతో ఆ మాటే చెప్పి నవ్వేది. ఒకరకంగా ఆ నమ్మకమే ఆమెను ఆ ఇంట్లో నిలబెట్టింది. సోమరి మొగుడితో కాపురం చేయొచ్చు. గల్లీలో సగం మంది చేస్తున్నదదే.

అత్త ముందు మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు. పెనిమిటి పోయాక కూలికి పోయి పెంచుకున్న ఒక్క కొడుకు. వాడు మంచివాడన్న మాట తప్ప ఆగమ్మకు వేరే ఆస్తి లేదు.

ఆ రోజు వానకు వాకిలంతా పాచి పట్టి ఉంది. నిండు బిందెతో వస్తూ ఆగమ్మ జారింది. బిందె దొర్లుకుంటూ పోయి రాజన్న గది తలుపుకే కొట్టుకుంది.

“రాజా! ఓ రాజా! నా నడుం పోయింది బిడ్డా!”

ఆ అరుపుకు నల్లా దగ్గరున్న కృష్ణమ్మ తన వంతు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే షౌకత్ బీ ముసలామె తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గది తలుపు మూసే ఉంది.

“కదలకు అమ్మా, కదలకు. మా కొడుకు ఇషాక్ రిక్షా కోసం ఉరికిండు,” అని, షౌకత్ బీ కృష్ణమ్మ వైపు చూసింది. “మీ ఆయన ఇంట్ల లేడా?”

కృష్ణమ్మ ఆ మూసిన తలుపు దిక్కు తిరిగింది. ఆగమ్మే మూలుగుతూ అంది: “నిద్ర పట్టిందేమో బీబీ. నిద్రల ఉన్నోనికి ఏం వినపడతది. నువ్వు గూడ ఏమనకు బిడ్డా వాణ్ణి.”

కాసేపటికి, ధ్యానం ముగిసే వేళకని పెట్టుకున్న అలారం లోపల మోగింది. దానికి మాత్రం రాజన్న లేచి బయటికొచ్చాడు. నుదుటి మీద విబూది చెదరలేదు, ముఖంలో చీమ కుట్టినట్టైనా లేదు.

పెళ్లయినప్పటి నుంచీ ఎన్నడూ లేనిది, కృష్ణమ్మ మొగుడి పరువు కాపాడబోయింది. “నిద్ర పట్టింది గదా నీకు? మంచి నిద్ర. వినపడలే, గంతే గదా?” అంది, అవునని చెప్పమని కళ్లతో బతిమాలుతూ.

రాజన్నకు అభిమానం పొడుచుకొచ్చింది. “నిద్రేంది? నేను నిద్రపోతనా? అంతా విన్న. అమ్మ పడ్డది విన్న, పిలిచింది విన్న. మొదాలు జర పానం గుంజింది. అయినా లేవలే. ఏం జరిగినా లేవొద్దని స్వామి చెప్పిండు. ఇయ్యాల మనసును గెలిచిన కృష్ణా!”

చెబుతుంటే ఆనందంతో అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతకాలం కృష్ణమ్మ అతన్ని దొంగ అని తిట్టుకుంది. దొంగే అయితే ఎంత బాగుండేది!

రిక్షా వచ్చింది. ఎత్తడానికి రాజన్న వంగి, తల్లి చంకల కింద చేతులు పెట్టబోయాడు. ఆగమ్మ నొప్పిని బిగబట్టి, ఆ చేతుల్ని తోసేసింది. కొడుకు ముఖం చూడలేదు.

“బీబీ,” అంది షౌకత్ బీతో, “ఆయనను జర పక్కకు జరగమను.”