మబ్బు బండి కాగితాలు

తెల్లవారకముందే లేచి నికనోరా నారుకి నీళ్లు పోసేది. ఆమె చెల్లెలు ఓబ్దులియా ఆ నారుని చెక్కపెట్టెల్లో సర్దేది. ఇద్దరూ పెట్టెలు మోసుకెళ్లి, కండక్టరు చేత తిట్లు తిని, అసున్సియోన్ బస్సు టాపు మీద ఎక్కించేవారు. పరాగ్వేలోని కాకుపే ఊళ్లో పదకొండేళ్లుగా వాళ్లకి ఇదే వరస. అదే బస్సులో ఇద్దరూ వెళ్లి దించుకునేసరికి, ఎంత మండుటెండలోనైనా పెట్టెలు తడిగా ఉండేవి, నారు వాడేది కాదు. "నికనోరా చేతి మహిమ" అనేవాళ్లు బజారులో. ఓబ్దులియా కూడా అదే అనేది.

ఆ సోమవారం వాళ్లు ఒక పాత నీలం పికప్ కొన్నారు. ఇంటి ముందు ఆపేసరికి ఓబ్దులియా ఎక్కి కూర్చున్న వెనక తొట్టి మీద దుప్పటంత మబ్బు నిలబడి సన్నగా చినుకులు రాలుస్తోంది.

"హమ్మయ్య, నీళ్ల డబ్బా మోత తప్పింది" అంది నికనోరా.

పక్కింటావిడ బయటికొచ్చి చూసి, బట్టలారేసే తీగని నాలుగడుగులు అవతలికి జరుపుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు వ్యాపార బండిగా రిజిస్టరై, బీమా కాగితం కూడా చూపించినవాళ్లకే ఈ ఏడు రైతు సంఘం నారు బేరం ఇస్తుందట. నికనోరాకి మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు. ఓబ్దులియా మాత్రం ఆదివారం బ్యూనస్ ఎయిరిస్ వెళ్లిపోతానంటోంది. అక్కడ ఎవరింట్లోనో పని కుదిరింది.

"బండి వచ్చింది కదక్కా, ఇంక నాతో పనేముంది? నారు పెంచడం నీది, బేరమాడటం నీది. నేను పెట్టెలు మోసేదాన్నే కదా."

వెళ్లొద్దు అనబోయి నికనోరా ఖాళీ పెట్టెలు సర్దడానికి పెరట్లోకి వెళ్లిపోయింది.

శుక్రవారం ఉదయం రిజిస్ట్రేషన్ ఆఫీసు పెరట్లో, మామిడిచెట్టు కింద, నారు పెట్టెలెక్కించిన బండి పక్కన, బీమా ఏజెంటు ఎలాదియో తెరెరే అనే చల్లటి ఆకు టీ పీలుస్తూ ఫారం తీశాడు.

"సొంత వాడకమని రాయించుకుంటే చౌక కదా తమ్ముడూ?" అడిగింది నికనోరా.

"చౌకేనక్కా. రేపు బండి బోల్తా పడిందనుకో, తొట్టిలో అమ్మకం సరుకు కనపడగానే కంపెనీ చేతులెత్తేస్తుంది. అప్పుడు నువ్వు నన్ను చెట్టుకి కట్టేసి కొడతావు."

"కొడతాను. వ్యాపారమనే రాయి."

"మబ్బు బండిదేనా?"

"మరి? దాంతోపాటే వచ్చింది."

"అయితే నారు ఎప్పటికీ వాడదు, దానికి కూడా బీమా రాసేస్తా" అని అతను ఉత్సాహంగా నింపేశాడు.

రిజిస్ట్రేషన్ చేసే దోన్యా సబీనా వచ్చి బండి దీపాలు వెలిగించి చూసింది, కింద చెక్కిన నంబరు రాసుకుంది. తలెత్తి మబ్బుని చూడబోయేంతలో ఓబ్దులియా తొట్టి మీంచి దూకి, "అక్కా, ఈలోపు టికెట్టు తెచ్చుకుంటా" అని రోడ్డు దాటింది.

మబ్బు కూడా రోడ్డు దాటింది.

చీపా రొట్టెలమ్మే ఆవిడ గంపకి గుడ్డ కప్పుకుని, "చూసుకుని నడవవే తల్లీ!" అని అరిచింది. మబ్బు వెళ్లి బస్సు టికెట్ల కిటికీ ముందు ఆగింది.

"ఇది బండిది కాదే, ఆ అమ్మాయిది" అంది సబీనా కలం పైకెత్తి.

"నా ఫారం!" అన్నాడు ఎలాదియో. "మబ్బున్న మనిషి యజమాని కాకపోతే నారుకి బీమా చెల్లదక్కా!"

గోడ గడియారంలో పదకొండూ ఇరవై. నికనోరా దాని వైపు చూడనే లేదు. బస్సు టాపు మీద పదకొండేళ్లు తడిగా ఉన్న పెట్టెలు ఆమె కళ్లముందు వరసగా నిలబడ్డాయి. పరిగెత్తింది.

"ఓబ్దూ! పైకి చూడవే!"

"ఏంటక్కా, వానా?"

"వాన కాదే పిచ్చిదానా, అది నువ్వే! చేతి మహిమ, చేతి మహిమ అని అందరూ అంటుంటే నేనూ నమ్మేశాను. నారు బతికింది నీవల్లే. వెళ్లకే. కాగితం కోసం అంటున్నాననుకుంటావేమో, కాదు. సోమవారం నుంచీ వెళ్లొద్దనే మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను."

ఓబ్దులియా తల పైకెత్తింది. చినుకులు ముఖం మీద పడుతుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, చివరికి రెండూ కలిసిపోయాయి.

"టికెట్టు ఇవ్వనా, వద్దా?" అన్నాడు కిటికీలో మనిషి. "నా రసీదు పుస్తకం నానిపోతోంది."

"వద్దన్నా. ఇంకెవరికైనా ఇచ్చెయ్" అంది ఓబ్దులియా.

చేతులు పట్టుకుని ఇద్దరూ రోడ్డు దాటారు. ఎలాదియో కొత్త ఫారం గబగబా రాశాడు. యజమానుల గడిలో సబీనా ఓబ్దులియా పేరు పైన, నికనోరా పేరు కింద పెట్టి, పదకొండూ నలభైకి ముద్ర కొట్టింది. ముద్ర ఆరీ ఆరకముందే అక్కాచెల్లెళ్లు బండెక్కారు. ఎర్రమట్టి రోడ్డు మీద నికనోరా తోలుతున్న తోలుడుకి కోళ్లు గోడలెక్కాయి.

పన్నెండుకి ఇంకా ఐదు నిమిషాలుందనగా సంఘం గుమస్తా గుమ్మంలోనే ఎదురొచ్చి, కాగితాలు చూసి, తొట్టిలోకి తొంగిచూశాడు. మిరపనారు నిగనిగలాడుతోంది.

"ఎవరిది ఈ నారు?"

అలవాటు కొద్దీ ఓబ్దులియా అక్క వైపు తిరిగింది. నికనోరా చటుక్కున వంగి చెప్పుల పట్టీ సరిచేసుకోవడం మొదలుపెట్టింది.

ఓబ్దులియా గొంతు సవరించుకుంది.

"నాదండీ" అంది. "దించుకోండి."