బలం మందు పట్టిన గొట్టం

నేను ఒక వెదురు గొట్టాన్ని. పశువులకు మందు పట్టడానికి చెంచయ్య తండ్రి నన్ను చేశాడు. ఒక చివర కణుపు అలాగే ఉంచి, రెండో చివర ఏటవాలుగా కోశాడు. ఆ అంచును గాజుపెంకుతో గీకి, ఆముదం రాసి, తన పెదవికి ఆనించి చూసుకున్నాడు. గుచ్చుకోదని తేలాకే నన్ను దూలానికి తగిలించాడు.

ఆ రోజుల్లో నాకు పని తక్కువ. పశువుకు కడుపు ఉబ్బితేనో, అది మేత ముట్టకపోతేనో నన్ను దించేవాళ్లు. అల్లం, వాము, బెల్లం కాచి పోసేవాళ్లు. మిగతా కాలమంతా పొగచూరుతూ ఊరికే ఉండేదాన్ని. నేను ఊరికే ఉన్నానంటే కొట్టం బాగున్నట్టు.

పెద్దాయన పోయాడు. మేత బీళ్లలో జామాయిల్ తోటలు లేచాయి. పచ్చగడ్డి పోయి ఎండుగడ్డి మిగిలింది. గడ్డిలో లేని సత్తువ సీసాల్లో రావడం మొదలైంది. ఇంటింటా విటమిన్ల మందే. పొద్దున దుకాణానికి వచ్చిన సీసాలు మధ్యాహ్నానికి ఉండవట. జబ్బు లేని పశువుకు కూడా రోజూ మందు పెట్టడం నేను అప్పుడే చూశాను.

చెంచయ్య భార్య అంకమ్మ నవ్వేది. "నాకు జరమొస్తే ఒక్క బిళ్ళ తెచ్చినోడివి కాదు. బర్రెకు మాత్రం సీసాలకు సీసాలు!"

"నువ్వు పాలియ్యవు గదే!"

వాళ్లకు ఉన్నది ఒక్కటే బర్రె, బొల్లి. పెయ్యగా ఉన్నప్పటి నుంచి అంకమ్మే సాకింది. ఈనిన కొన్నాళ్లకే అది పాలు తగ్గించింది. దాని పాలమీదే ఇల్లు నడుస్తోంది. చెంచయ్యకు దిగులు పట్టుకుంది.

మందును అంకమ్మ తవుడులో కలిపి పెట్టేది. తొట్టిలో సగం మిగిలిపోతోందని ఒక ఉదయం చెంచయ్య నన్ను దించాడు. బొల్లి తలను తాడుతో దూలానికి ఎత్తి కట్టాడు. నాలుక పక్కకు లాగి పట్టుకుని నన్ను దాని నోట్లో పెట్టాడు.

"తల అంత ఎత్తమాకయ్యా!" అంది అంకమ్మ.

"కిందికుంటే కారిపోద్ది."

బొల్లి దగ్గింది. నా ఒళ్లంతా అదిరింది.

"దగ్గుతా ఉంది, వదులయ్యా!"

"అయిపోయిందే, ఇంకొక్క గుక్క."

ఆ గుక్క కూడా పోశాడు. నాలో చుక్క మిగల్లేదు.

సాయంత్రానికి బొల్లి ఊపిరి గరగరలాడింది. ముక్కుల్లో నురుగు. పశువుల డాక్టరు వచ్చి డొక్కకు చెవి ఆనించి, "మందు కడుపులోకి పోలేదయ్యా, ఊపిరితిత్తుల్లోకి పోయింది" అన్నాడు. సూదులు వేశాడు. బొల్లి ప్రాణం నిలవలేదు.

"బలానికే గదా పోసింది..." అంటూ చెంచయ్య గుంజను పట్టుకుని కూర్చున్నాడు. అంకమ్మ పొయ్యిలో ఇనప చువ్వ ఎర్రగా కాల్చి తెచ్చి, నా కణుపులో గుచ్చింది. ఇక నాలో ఏదీ నిలవకుండా చేసింది.

ఇప్పుడు నేను ఊదుగొట్టాన్ని. పొద్దున్నే అంకమ్మ పొరుగింట అడిగి తెచ్చిన పాలు బొల్లి దూడ కోసం పొయ్యి మీద పెట్టి, నన్ను నోట పెట్టుకుంటుంది. మందు పోయిన దారినే ఆమె ఊపిరి పోతుంది. కట్టెలు పచ్చివైతే పొగ కమ్ముతుంది, ఆమె దగ్గుతుంది.

ఆ దగ్గు వినపడితే చాలు, చెంచయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోతాడు.