ఎర్ర ఊలు కట్టిన చెట్లు

పొద్దున్నే నాన్న అడవి నుంచి రెండు లేత స్ప్రూస్ చెట్లు కొట్టుకొచ్చి, గేటుకు చెరో పక్కనా పాతుతుంటే తోరా గుండె గంతులేసింది. పోయిన వేసవిలో పిన్ని పెళ్లికి అచ్చం ఇలాగే పాతారు. అంటే, ఆరు వారాలుగా పట్నం ఆసుపత్రిలో ఉన్న అమ్మ ఇవాళ వచ్చేస్తోందన్నమాట!

"అమ్మ కోసమేనా, నాన్నా?"

నాన్న చెట్టు మొదట్లో మట్టి తొక్కుతూ, తలెత్తకుండానే, "ఆఁ, అమ్మ కోసమే" అన్నాడు.

ఇంకేం కావాలి! నాలుగేళ్ల తమ్ముడు యల్మార్ చెయ్యి పట్టుకుని తోరా రాళ్లగోడ దాటి పరిగెత్తింది. ఎండ తగిలే వాలులో అడవి స్ట్రాబెర్రీలు ఎర్రగా పండి ఉన్నాయి. ఒక్కొక్కటే కోసి గడ్డిపరకకు గుచ్చసాగింది. యల్మార్ మాత్రం గుచ్చినవి గుచ్చినట్టే లాగి నోట్లో వేసుకుంటున్నాడు.

"ఒరేయ్ తిండిపోతూ, అమ్మకేం మిగులుస్తావురా?"

"చిన్నవే తింటున్నానక్కా. అమ్మకి చిన్నవి నచ్చవు."

తిరిగొచ్చేసరికి రెండు చెట్ల కొసలూ విరిగి వేలాడుతున్నాయి.

"మేకే!" యల్మార్ కొట్టం వైపు పిడికిలి చూపించాడు. "ఒసేయ్ గడ్డందానా, అమ్మని రానీ, నీ పని చెప్తుంది!"

తోరా అమ్మ అల్లిక బుట్టలోంచి ఎర్ర ఊలు తెచ్చింది. పాలు పితికే పీట ఎక్కి, కొసలను నిలబెట్టి, పుల్ల ఆసరా ఇచ్చి, పోయినేడు గొర్రెపిల్ల కాలికి అమ్మ కట్టినట్టే బిగించి కట్టింది.

అంతలో పక్క పొలం లోవిసా మామ్మ నల్ల తలగుడ్డతో, రొట్టెల బుట్టతో వచ్చింది.

"అయ్యో, ఇదెవరి పనే?"

"నేనే కట్టాను మామ్మా. మేక విరిచేసింది."

"మేక కాదే తల్లీ, మీ నాన్నే. పెళ్లికైతే కొసలు ఉంచుతారు, చావుకైతే విరిచేస్తారు." అనేశాక మామ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాన్న నీకు చెప్పలేదుటే?"

తోరా చేతిలోని ఊలుండ జారి గడ్డిలోకి దొర్లిపోయింది.

నల్లకోటు తొడుక్కుని నాన్న బయటికొచ్చాడు. చెట్లకేసి చూశాడు. ఊలు ముడి మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు నాన్నా! దానికి నొప్పి!" అని యల్మార్ అరిచాడు.

నాన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"విప్పేయ్ ఆరన్, చూసినవాళ్లు ఏమనుకుంటారు?" అంది మామ్మ నాన్నతో.

"ఉండనీ మామ్మా. అనుకుంటే అనుకోనీ" అన్నాడు నాన్న.

మలుపులో బండి కనబడింది. గేటు తీయడం ఎప్పుడూ తోరా పనే. రెండు చేతులా లాగి పట్టుకుంది. గుర్రం, చక్రాలు, నల్లగుడ్డ కప్పిన పొడుగాటి పెట్టె, ఆ రెండు చెట్ల మధ్య నుంచి మెల్లగా లోపలికి వెళ్లాయి.

యల్మార్ పళ్లు గుచ్చిన గడ్డిపరక ఎత్తి పట్టుకుని, బండివాడి పక్కన ఖాళీగా ఉన్న చోటు చూశాడు.

"అక్కా, అమ్మ దారిలో దిగిపోయిందా?"

బండి లోపలికి వెళ్లిపోయాక కూడా తోరా గేటు అలాగే తెరిచి పట్టుకుని నిలబడింది. ఆవులు బయటికి పోతాయని ఆ రోజు ఎవరూ ఆమెను కేకలేయలేదు.